దొర గొడుగు

యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, జెండా పండగనాడు దొర మిట్టమధ్యాహ్నం దాకా ప్రసంగిస్తూనే ఉన్నాడు. వెనక నిలబడి గొడుగు పట్టిన నూకయ్యకి కాళ్లు లాగేస్తున్నాయి, చెయ్యి మొద్దుబారిపోయింది.

"ఈ జెండా కింద ఎక్కువ తక్కువల్లేవు. అందరం సమానమే!" అన్నాడు దొర. జనం చప్పట్లు కొట్టారు.

నూకయ్య గొడుగు మడిచి, ఖాళీగా ఉన్న దొర కుర్చీలో కూలబడ్డాడు. దొర నెత్తిన ఎండ చురుక్కుమంది.

"లేవరా!" అంటూ పళ్లు నూరాడు.

"లేస్తాను దొరా," అన్నాడు నూకయ్య నీరసంగా. "ఈ సమానం చప్పట్లు ఆగేదాకానా, తమరి ప్రసంగం అయ్యేదాకానా? అది చెప్పండి చాలు."

జనం చెవులు రిక్కించారు. వాళ్లముందు గదమాయించలేక దొర రెండు ముక్కల్లో ప్రసంగం ముగించాడు.

నూకయ్య నిట్టూర్చి లేచాడు. ఎవరూ చెప్పకుండానే మళ్లీ గొడుగు విప్పాడు.