ఓబులేసుకు అడవి చేసిన మర్యాద

అనగనగా ఓ పెద్ద అడవి. అందులో పులి ఉంది, ఎలుగుబంటి ఉంది, అడవిపందులున్నాయి. కానీ ఆ అడవంతా హడలిపోయేది మాత్రం ఓ బక్కపలచటి మనిషికి. ఆయన పేరు ఓబులేసు. వేటగాడు కాదర్రా, వేటగాళ్లను పట్టుకునే ఫారెస్టు ఆఫీసరు.

మరి కాపాడేవాడంటే భయమెందుకు? అదే చిత్రం. ఏ జంతువు ఎదురుపడినా ఆయన కర్రతో నేల మీద కొట్టి, గొంతు చించుకుని అరిచి తరిమేసేవాడు. చుక్కి అనే దుప్పికి ఆ సంగతి బాగా తెలుసు. చిన్నప్పుడు దాని కాలు ఉచ్చులో ఇరుక్కుంటే ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుని, తన వేళ్లు కోసుకుపోతున్నా ఆ తీగ విప్పాడు. చుక్కి లేచి ఆయన చెయ్యి నాకబోయింది. ఆయన మట్టిబెడ్డ తీసి విసిరాడు. ప్రాణం పోసిన చేత్తోనే ఎందుకు కొట్టాడా అని చుక్కి ఇన్నేళ్లూ లోలోపల బాధపడుతూనే ఉంది.

ఆ అడవిలో ఓ ముసలి కొండముచ్చు ఉండేది. అందరూ అవ్వా అని పిలిచేవారు. చెక్‌పోస్టు రేకుల మీద కూర్చుని మనుషుల కబుర్లు వినడం దానికి అలవాటు. ఒకరోజు ఆ అవ్వ ఓ వార్త మోసుకొచ్చింది. ఓబులేసు రిటైరవుతున్నాడట. రేపు పొద్దున కొత్తగా వచ్చిన హైమావతి అనే ఆఫీసరుకు అడవిని అప్పగించి వెళ్లిపోతాడట.

జంతువులన్నీ వాగు ఒడ్డున చేరాయి. అంతవరకూ అందరూ తిట్టుకున్న మనిషే. వెళ్లిపోతున్నాడనేసరికి ఒక్కొక్కరికీ ఒక్కో సంగతి గుర్తొచ్చింది. మాంసం కోసం తుపాకులతో వచ్చిన పెద్దమనుషుల జీపుకు ఆయన ఒక్కడే అడ్డంగా నిలబడ్డాడని అడవిపంది చెప్పింది. అడవి అంటుకున్ననాడు పచ్చికొమ్మలతో మంటల్ని కొట్టి కొట్టి, కనుబొమలు కాల్చుకున్నాడని ఎలుగుబంటి చెప్పింది. నెమలి తోక సవరించుకుని ఇలా అంది.

"మా అన్నను చంపినవాళ్ల మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. వాయిదా మీద వాయిదా వేస్తున్నా చెప్పులరిగేలా తిరిగి, వాళ్లకు శిక్ష పడేదాకా వదల్లేదు. మీలో ఎవరి కోసమైనా అలా కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారా?"

"చాల్లే, వాదించింది నువ్వే అయినట్టు," అంది అవ్వ.

అందరూ నవ్వారు. చుక్కి మాత్రం నవ్వలేదు. "రేపు నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడతానవ్వా. ఒక్కసారి ఆయన చెయ్యి నాకి వచ్చేస్తాను," అంది.

అవ్వ వద్దనలేదు. "నువ్వు కదిలితే నీ వెనక మందంతా కదులుతుంది. అది చూసుకుని అడుగెయ్యి, పిల్లా," అంది.

తెల్లారింది. ఓబులేసు కాలిబాట వెంట నడిచొచ్చాడు. పక్కన హైమావతి. వెనక దండలు, సెల్‌ఫోన్లు పట్టుకుని ఊళ్లోవాళ్లు. చుక్కి పొద చాటున నిలబడి ఉంది. దాని వెనక మంద, పక్కనే దాని పిల్ల.

దండలు వేశారు, శాలువా కప్పారు. ఓబులేసు కళ్లు మాత్రం పొదల మీదే ఉన్నాయి. చేతిలో కర్ర చెట్టుకు ఆనించేశాడు. ఒక్కటైనా కనిపిస్తే బావుండునని ఆయనకూ ఉంది, పాపం. ఆ ముఖం చూస్తే చుక్కికి తెలిసిపోయింది. ఓ కాలు పొద బయట పెట్టింది.

అప్పుడే గుంపులో ఒకాయన తను తెచ్చిన తవుడంతా నేల మీద కుమ్మరించి, నాలుకతో చప్పుడు చేస్తూ పిలవడం మొదలుపెట్టాడు. ఆయనకు దుర్బుద్ధేమీ లేదు. సారు పక్కన దుప్పులుంటే ఫొటో బావుంటుందని, అంతే. తవుడు వాసనకు చుక్కి పిల్ల మూతి చాచింది.

"అమ్మా, మనుషులు మంచివాళ్లేనా? వెళ్లొచ్చా?"

చుక్కి ఠక్కున ఆగిపోయింది. ఓబులేసు చెయ్యి మంచిదే. ఈ తవుడు పోసిన చెయ్యీ మంచిదే కావచ్చు. రేపు ఇంకో చెయ్యి ఇలాగే తవుడు పోసి, కింద తీగ దాస్తే? ఆ తేడా పిల్లకెలా తెలుస్తుంది? అందుకా ఆనాడు ఆయన బెడ్డ విసిరింది!

వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటున్నా చుక్కి కాలు వెనక్కి తీసుకుంది. నేలను గట్టిగా తన్ని, గొంతెత్తి కూసింది. మనిషొచ్చాడు, పరుగెత్తండి అనే కూత అది. చెట్టు మీద అవ్వ అందుకుంది. నెమలి అందుకుంది. క్షణంలో ఈ వాగు నుంచి ఆ గుట్ట దాకా అడవంతా అదే కేక. మంద మాయమైపోయింది.

గుంపు చిన్నబోయింది. "ఇన్నేళ్లు కాపాడితే ఒక్కటీ ముఖం చూపించలేదు సార్. విశ్వాసం లేని జంతువులు," అన్నాడు తవుడు తెచ్చినాయన.

ఓబులేసు ఆ కేక గుట్ట దాటి వినిపించకుండా పోయేదాకా చెవి ఒగ్గి విన్నాడు. కళ్లు తుడుచుకుని హైమావతి వైపు తిరిగాడు.

"విన్నావామ్మా? నౌకరీ అంతా వీటికి ఒక్కటే పాఠం చెప్పాను. మనిషి దగ్గరికి రావొద్దని. ఇవాళ తప్పు లేకుండా నాకే అప్పజెప్పాయి. ఇంక నేను నిశ్చింతగా ఇంటికి పోతాను."

అని ఛాతీ విరుచుకుని, పెళ్లికి వెళ్తున్న మనిషిలా నడిచి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఓ వేటగాడు సరిగ్గా అక్కడే తవుడు పోసి, ఉచ్చు పన్ని కూర్చున్నాడు. ముందుగా పసిగట్టి కూసింది చుక్కి పిల్లే. ఆ కూత విని వచ్చిన హైమావతికి వాడు తీగతో సహా దొరికిపోయాడు.

చుక్కి గర్వంగా పిల్ల మెడ నాకింది. 'ఓబులేసుకు నా దండం ఇప్పుడు చేరింది,' అనుకుంది.

నీతి: మేలు చేసినవారు నేర్పిన జాగ్రత్తను మన పిల్లల దాకా నిలబెట్టడమే వారికి చేసే నిజమైన సన్మానం.