వయసు ముడి విప్పిన వరస

అనగా అనగా, మీ తాత ముత్తాతలు కూడా పుట్టకముందు, పద్మగిరికి ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిపివాడు శూరసేనుడు, చిన్నవాడు సుచంద్రుడు. పక్క రాజ్యపు రాజకుమారి వకుళతో సుచంద్రుడికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురికి పూలజడ వేసి పీటల మీద కూర్చోబెట్టారో లేదో, జ్వాలాకర్ణుడనే మాంత్రికుడు గద్దలా వచ్చి ఆమెను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల రాతికోటలో దాచాడు.

“తమ్ముడూ, చిన్నవాడివి, నువ్వు ఇంట్లో ఉండు” అని పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు. చిన్నవాడికి అన్నం సహించలేదు. ఒకప్పుడు వలలోంచి తాను విడిపించిన తాబేలు వీపెక్కి, ఒక సముద్రం, రెండు సముద్రాలు, ఏడు సముద్రాలూ దాటాడు.

ఒడ్డున అన్నలు కనబడ్డారు. ఇరవై నాలుగేళ్ల పెద్దన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడై గవ్వలు ఏరుకుంటున్నాడు. “నువ్వెవరు బాబూ? మా తమ్ముడింకా పిల్లాడు” అన్నాడు. ఇరవై రెండేళ్ల నడిపివాడు ఇరవై అయిదేళ్లవాడై కూర్చున్నాడు.

“బతకకుండానే మూడేళ్లు పోయాయిరా తమ్ముడూ, లోపలంతా ఖాళీగా ఉంది” అని అతను ఏడ్చాడు. “ఆ రాతికోట గడప దాటినవాడి వయసును మంత్రం ముందు మూడింతలు చేస్తుంది, ఆపైన తొమ్మిదేళ్లు కలుపుతుంది. లోపలి చిలకలోనే మాంత్రికుడి ప్రాణం. అడిగితే అది వయసు మారుస్తుంది, కానీ మనం చెప్పిన వరసలోనే. ఒక్కొక్కరు ఒక్కసారే అడగాలి. అన్నయ్య ముందు మూడో వంతు చెయ్యమని, తర్వాత తొమ్మిదేళ్లు తీసెయ్యమన్నాడు. అది ఎక్కువ తీసేసింది కదా అని నేను ఉత్త మూడో వంతు చాలన్నాను.”

సుచంద్రుడు గడప దాటాడు. ఇరవై ఏళ్లవాడు అరవై తొమ్మిదేళ్ల ముసలివాడయ్యాడు. లోపల పూలజడతో ఒక అవ్వ కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ల వకుళకు ఇప్పుడు అరవై మూడు.

“మీరూ వచ్చేశారా!” అంది ఆమె. “నేనింకా చిలకను అడగలేదు. మీ అన్నలను చూసి భయమేసింది. మీ పెద్దన్నలా అడిగితే పన్నెండేళ్ల పిల్లనైపోతాను. మిమ్మల్ని గుర్తుపట్టను కూడా.”

సుచంద్రుడు ఎలా అడగాలా అని ఆలోచిస్తూ ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఈ జడ బరువుకు తల లాగేస్తోంది. కాస్త విప్పుదురూ” అంది వకుళ. అతను జడ పాయలు పట్టి లాగాడు. “అయ్యో, అలా కాదు! ముందు జడ అల్లారు, తర్వాత పూలు కుట్టారు. పూల దారం తెంపాకే కదా జడ విప్పేది! మగవాళ్లకు ఈ మాత్రం తెలియదు.”

సుచంద్రుడి చేయి ఆగిపోయింది. “వకుళా, మూడింతలు జడ, తొమ్మిదేళ్లు పూలు! కడపట చేసింది ముందు విప్పాలి.”

అతను పంజరంలోని చిలక దగ్గరికి వెళ్లాడు. “నీకోసమా అడుగుతావు?” అంది చిలక.

“ఆమె కోసం. ముందు తొమ్మిదేళ్లు తీసెయ్. మిగిలినదాన్ని మూడో వంతు చెయ్.”

అరవై మూడు యాభై నాలుగయింది. యాభై నాలుగు పద్దెనిమిదయింది. తెల్ల జుట్టు నల్లబడింది, వకుళ వకుళయింది. ఆమె క్షణం ఆలోచించలేదు, తన వంతు అతనికోసం అడిగింది. అరవై తొమ్మిది అరవయింది, అరవై ఇరవయింది.

“మంత్రం సరిగ్గా విప్పేవాడు వచ్చేదాకానే ఆ మాంత్రికుడి ఆయువు” అని చిలక నవ్వింది. సుచంద్రుడు పంజరం తలుపు తీయగానే, పరుగెత్తుకొస్తున్న జ్వాలాకర్ణుడు ద్వారం దగ్గరే బూడిదయ్యాడు. చిలక మాత్రం హాయిగా ఎగిరి ఒడ్డుకు పోయి, అన్నల తప్పునూ కడపటి నుంచి మొదటికి విప్పి, మంత్రాన్నీ అలాగే విప్పి, ఎవరూ అడగకుండానే ఇద్దరికీ వాళ్ల వయసు తిరిగిచ్చింది. పెద్దన్న తమ్ముణ్ణి గుర్తుపట్టి వాటేసుకున్నాడు.

పెళ్లి మళ్లీ జరిగింది. వకుళ తండ్రికి కొడుకులు లేరు గనుక, ఆయన రాజ్యాన్ని సుచంద్రుడూ వకుళా చల్లగా, చాలాకాలం ఏలారు. కొన్నాళ్లకు నిజంగానే ముసలివాళ్లయ్యారు, కానీ ఒక్కో ఏడూ బతికి అయ్యారు. “అవ్వా, నీకు మళ్లీ పడుచుపిల్లవి కావాలని లేదా?” అని మనవరాళ్లు అడిగితే వకుళ నవ్వేది.

“ఏ ఏడు తీసెయ్యమంటావే?” అనేది.