పెంటయ్య కుక్క చెప్పిన మాట

ఏ రాజు ఏలిన కాలమో అడక్కండి, నాకూ తెలీదు. నీళ్ళు తక్కువా ఇసుక ఎక్కువా ఉన్న ఒక ఏటి ఒడ్డున పెంటయ్య అనే గుడ్డివాడు ఉండేవాడు. ముందు పుట్టిన ఇద్దరూ పోయారని, వీడైనా దక్కాలని తల్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకుని ఆ పేరు పెట్టింది. వాడు దక్కాడు. వాడి చూపు దక్కలేదు.

పెంటయ్య గుల్లలు కాల్చి, తాంబూలంలోకి సున్నం చేసి, కుండ నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేవాడు. ముందు కుక్క, మధ్య తాడు, వెనక పెంటయ్య. ఎవరైనా "చెయ్యి పట్టుకోనా?" అంటే, "నాకు కుక్కుంది నాయనా, నీ చెయ్యి నీకుండనీ" అనేవాడు.

ముందు గొయ్యి ఉన్నా, పామున్నా, ఏట్లో ఊబి ఉన్నా కుక్క ఆగి చెవులు టపటపా కొట్టేది. చూపులేనివాడికి వినపడే మాట కదా, అందుకని అదే నేర్పాడు. నల్లకుక్కకు నేర్పాడు, అది ముసలిదై పోయింది. ఎర్రకుక్కకు నేర్పాడు, దాన్ని పాము కరిచింది. మచ్చకుక్కకు నేర్పాడు. దాని సంగతే ఇది.

కుక్క చెవులు కొడితే అపశకునమని మనవాళ్ళకు ఉండనే ఉంది.

ఒకనాటి పొద్దున్నే ఊరి పెదకాపు కొడుకు పెళ్ళికి బండ్లు కట్టారు. ఏటి రేవులో, కుక్క ముందుకు కదలక పెంటయ్య ఆగి ఉన్నాడు. మచ్చకుక్క చెవులు టపటపా కొట్టింది. అపశకునమని బండ్లు వెనక్కి తిప్పారు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి వచ్చారు. మళ్ళీ టపటపా. మళ్ళీ వెనక్కి, మళ్ళీ కాళ్ళు, మళ్ళీ నీళ్ళు. మూడోసారీ టపటపా.

"ముహూర్తం దాటిపోతోంది, కొట్టండ్రా దాన్ని!" అన్నాడు పెదకాపు.

"బాబయ్యా, అది శకునం కాదు. నాతో చెప్పే మాట. ముందు ఊబి ఉంది బాబూ" అన్నాడు పెంటయ్య.

"ఎక్కడి ఊబిరా? ఇసుక అరచెయ్యిలా చదునుగా ఉంది. కళ్ళున్నోణ్ణి నే చెప్తున్నా!"

ములుకర్రలు మూడు లేచాయి. పెంటయ్య చేతిలో తాడు ఒక్కసారి గుంజుకుని వదులైపోయింది.

చావు చూసిన దారిన పెళ్ళి నడవకూడదని పెదకాపు బండ్లను కొండదారికి మళ్ళించాడు. పెంటయ్య కుక్క తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "తప్పు నాదేనే తల్లీ, నీకు ఇంకో మాట నేర్పాల్సింది" అని కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. మధ్యాహ్నానికి చేతుల్తో ఇసుక తవ్వి పూడ్చాడు. లేచి, అలవాటుకొద్దీ "దారుందా?" అన్నాడు. పలకడానికి ఎవరూ లేరు.

మూడు కుక్కల కాలంలో ఏనాడూ కుక్క మాట దాటనివాడు, ఆ పూట కళ్ళున్నవాళ్ళ మాట నమ్మాడు. అడుగు ముందుకు వేశాడు.

పెళ్ళయ్యాక ఏ దారైతేనేమని, మూడో రోజు కొత్తకోడలితో బండ్లు రేవుదారినే తిరిగొచ్చాయి. చదునైన ఇసుక మీద సున్నపు కుండ బోర్లా పడి ఉంది. మనిషి లేడు. పెదకాపు ఒక రాయి విసిరాడు. చూస్తుండగానే అది లోపలికి దిగిపోయింది. తన బండ్లు పోవలసిన చోటు అదేనని తెలిసి, ఆయన అక్కడే కూలబడ్డాడు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో పెళ్ళికి బయల్దేరేముందు మొదటి విస్తరి కుక్కకే. పెళ్ళికొడుకు తండ్రి దాని ముందు తలవంచుకుని నిలబడాలి. అది తిని వెళ్ళేదాకా బండి కదలదు. ఎవడైనా "నా కళ్ళతో చూశాను" అని గొప్పలు పోతే, "కుక్కనడిగావా?" అంటారు. పిల్లలు నవ్వుతారు. పెద్దవాళ్ళకు మాత్రం నవ్వు రాదు.