పదకొండు తెల్ల బిళ్ళలు

మా వైకుంఠం మాష్టారు ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఎంత పెద్ద ప్రశ్న వేసినా తల పంకించి, "బల్ల సర్దండి" అనేవారు. బల్ల సర్దడమంటే యుద్ధం ఆట పరవడం. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, విశాఖపట్నం కంచరపాలెంలో తన మేడ మీద గదిలో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా నలుగురైదుగురికి ఆయన యుద్ధం ఆటలు తయారుచేయడం నేర్పేవారు. ముసలాయన గడ్డాలొచ్చినవాళ్ళ చేత గుజ్జనగూళ్ళు ఆడిస్తున్నాడని వీధిలో నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. వాళ్ళెవరికీ చరిత్రలో పాసు మార్కులు వచ్చి ఉండవు.

ఆట తయారీ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, ఓపిక కావాలంతే. ఒక పెద్ద అట్ట మీద దేశపటం గీసి, దాన్ని తేనెపట్టులాగా గడులు చెయ్యాలి. ఒక్కో దళానికి ఒక్కో బిళ్ళ, బిళ్ళ మీద దాని బలం ఎంతో ఒక అంకె. ఆ బిళ్ళలకు అట్ట కొనేవాళ్ళం కాదు. వీధిలో ఎవరింట పెళ్ళయినా మిగిలిపోయిన శుభలేఖల్ని మాష్టారి అప్పగారు అప్పలనరసమ్మగారు అడిగి తెచ్చేది. వాటిని ముక్కలుగా కోసి, రెండువైపులా రంగు కాగితం అతికించి, అంకె వేస్తే సైన్యం తయారు.

మాలో అందరికన్నా చెయ్యి తిరిగినవాడు త్రినాథ్. ఓడలు కట్టే కంపెనీలో డ్రాయింగు ఆఫీసు ఉద్యోగం, గీత గీస్తే వెంట్రుక వాసి తేడా రాదు. ఎనిమిది నెలలు కూర్చుని అతనొక ఆట తయారుచేశాడు. రెండు పెద్ద దేశాలు కొట్టుకుంటున్నాయి. మధ్యలో కొండల నడుమ ఒక చిన్న దేశం, ఎవరి పక్షమూ పట్టకుండా ఆరేళ్ళ పాటు తుపాకులు పట్టుకుని నిలబడింది. ఆ దేశం పేరు నేను చెప్పను. చెబితే ఒక్క దేశం మీదే నింద పడుతుంది, మిగతావాళ్ళు హాయిగా నిద్రపోతారు. త్రినాథ్ మాత్రం లైబ్రరీలో పుస్తకాలన్నీ నమిలేశాడు. ఆ దేశానికి ఎన్ని తుపాకులు, ఎన్ని గుర్రాలు, ఏ కనుమలో ఎంత మందుగుండు దాచారు, సైకిళ్ళ మీద తిరిగే దళాలెన్ని, అన్నీ బిళ్ళల మీదికి ఎక్కించాడు. చూస్తే నాకే కుళ్ళు పుట్టింది, అబద్ధం ఎందుకు.

బెంగుళూరులో ఆటలు అచ్చువేసే కంపెనీ ఒకటి కొత్త ఆటలు పంపమని ప్రకటన ఇచ్చింది. సోమవారం కొరియర్లో వేస్తేనే గడువులోపల అందుతుంది. ఎంపికైతే ఉద్యోగం అక్కడే, ఇక జన్మంతా ఇదే పని. అతని భార్య కూడా సరేనంది. ఆదివారం అతను వచ్చేటప్పటికే పార్శిలుకి పురికొస చుట్టి, చిరునామా రాసి తెచ్చి, తలుపు పక్కన పెట్టాడు. ఆడి చూడటానికి అదే ఆట నకలొకటి విడిగా తెచ్చాడు. ఒక్క మాష్టారి సంతకం తక్కువ. ఆయన ఆడి చూసి సంతకం పెట్టని ఆట గడప దాటించనని అతనికి మొదటినుంచీ ఒక పట్టుదల.

ఆ రోజు అతనడిగిన ప్రశ్న ఇది: "మాష్టారూ, ఎవరితోనూ యుద్ధం చెయ్యని సైన్యాన్ని ఏ అంకెతో తూచాలి?"

అడిగాడన్న మాటే గాని, జవాబు అతని జేబులోనే ఉంది. ఆట ముగిశాక నింపే కాగితంలో ఒక్కో దేశానికి రెండేసి గడులు పెట్టాడు. మనవైపు పోయినవారు, శత్రువువైపు పోయినవారు. తన చిన్న దేశానికి రెండుచోట్లా సున్నా వస్తుందని, ఆ రెండు సున్నాలే దాని గొప్పతనమని అతని లెక్క. చేతికి నెత్తురంటని సైన్యం ఇదొక్కటే మాష్టారూ అని మురిసిపోయాడు. మాష్టారు యథాప్రకారం బల్ల సర్దమన్నారు.

ఒక పెద్ద దేశం మాష్టారిది, రెండోది నాది, చిన్న దేశం త్రినాథ్‌ది. గంటన్నర పాటు మాష్టారూ నేనూ ఒకరినొకరం నమిలి మింగాం. త్రినాథ్ కొండల్లో తన దళాలను అటూ ఇటూ జరుపుకుంటూ, మా ఇద్దరికీ మంచినీళ్ళందిస్తూ కూర్చున్నాడు. అతని సరిహద్దు జోలికి వెళ్తే పోయేదే ఎక్కువ, వచ్చేది తక్కువ. ఇద్దరమూ వెళ్ళలేదు. ఆట అంత నికార్సుగా కుదిరింది.

అప్పుడు మాష్టారు బల్ల సొరుగులోంచి ఒక చిన్న సంచీ తీశారు. అందులో రంగు కాగితం అతికించని తెల్ల బిళ్ళలున్నాయి. అంకె లేదు, ఏమీ లేదు. తాను అంతకుముందే పట్టుకున్న ఒక ఊరి గడిలో వాటిని పోశారు. ఇవేం బిళ్ళలని త్రినాథ్ అడిగితే, నీ నియమాల పుస్తకంలో వీటి గురించి లేదు, వేసి చూద్దామన్నారు. వంతుకో గడి చొప్పున వాటిని జరుపుకుంటూ వచ్చారు. అవి ఎవరినీ కొట్టలేదు. నా దళాల పక్కనుంచే పోయాయి. తిన్నగా చిన్న దేశం వైపు, సరిహద్దు నది మీద ఉన్న వంతెన వైపు నడిచాయి.

త్రినాథ్ నవ్వాడు. మాష్టారు తనను బోల్తా కొట్టించడానికి వేగులవాళ్ళను పంపుతున్నారనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. అతని పుస్తకంలో పద్నాలుగో నియమం ఒకటుంది. అనుమతి లేకుండా సరిహద్దు దాటిన బిళ్ళ ఏదైనా శత్రువే, దగ్గర్లో ఉన్న దళం దాన్ని కొట్టి తీరాలి. మొదటి తెల్ల బిళ్ళ వంతెన మీద కాలు పెట్టగానే త్రినాథ్ పాచిక వేశాడు. దానికి బలం లేదు గనక ఏ అంకె పడ్డా పోయినట్టే. తీసి తన పక్కనున్న సాసర్లో వేశాడు. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. నేను పక్కనుంచి శభాష్ అన్నాను. ఆ మాట ఇవాళ తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. మొత్తం పదకొండు. పదకొండూ సాసర్లో చేరాయి.

ఆట ముగిసింది. త్రినాథ్ కాగితం తీసి, చిన్న దేశం ఎదురుగా మనవైపు పోయినవారు సున్నా అని, శత్రువువైపు పోయినవారు పదకొండు అని గుండ్రంగా రాసి, కలం మాష్టారి చేతికిచ్చాడు. రెండో సున్నా పోయినందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గాని, దేశం చెక్కుచెదరని గెలుపు ముందు అదో లెక్కా అనుకున్నాడు.

మాష్టారు కలం అందుకుని, సంతకం పెట్టకుండా బల్ల మీద పెట్టారు. సాసర్లో బిళ్ళలు తిరగెయ్యమన్నారు.

రంగు కాగితం లేదు గనక వెనకవైపు శుభలేఖ అచ్చు అలాగే ఉంది. త్రినాథ్ ఒక్కొక్కటే తిప్పి పైకి చదివాడు. ఒకదాని మీద "కనిష్ఠ పుత్రిక" అని ఉంది. ఒకదాని మీద "సపరివార". ఒకదాని మీద ఎవరో మామ్మగారి పేరు, సగం తెగిపోయింది. నాలుగోది తిప్పి, చదవకుండా కింద పెట్టేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

త్రినాథ్ సాసరు పక్కకు నెట్టి, వాళ్ళను లోపలికి రానిస్తే అదే సాకుగా పెద్ద దేశం నా మీద పడదా మాష్టారూ అన్నాడు. మాష్టారు కాదనలేదు. పడొచ్చన్నారు. పడితే నా దేశం పోదా అన్నాడు. పోవచ్చన్నారు.

అప్పుడే అప్పగారు టీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆవిడకు ఈ ఆటలేవీ తలకెక్కవు, ఎక్కించుకోవాలనీ లేదు. ఆ రోజు మాత్రం మా మొహాలు చూసి ఆగింది. సాసర్లో ఆ తెల్లవి ఎవర్రా అని తమ్ముణ్ణి అడిగింది. నడిచొచ్చినవాళ్ళు అప్పా అన్నారాయన.

ఆవిడ గ్లాసులు కింద పెట్టింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. మాష్టారిది బర్మా నుంచి వచ్చిన కుటుంబం. రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు వేలమందితో పాటు వాళ్ళూ అడవులు పట్టి నడిచి వచ్చారు. అప్పటికి అప్పగారికి తొమ్మిదేళ్ళు, చంకలో మాష్టారికి మూడేళ్ళు. తల్లి దారిలో కలరా తగిలి పోయిందని మాష్టారు మాకు చాలాసార్లు చెప్పారు. ఆయనకు తెలిసింది అంతే.

అప్పగారు త్రినాథ్ వైపు తిరిగి, వాళ్ళను ఆ వంతెన కాడ ఎన్నాళ్ళుంచావని అడిగింది. తప్పు పడుతున్నట్టు కాదు, పెళ్ళికి ఎన్నాళ్ళున్నారని అడిగినట్టే అడిగింది. త్రినాథ్ తల ఎత్తలేదు. ఉంచలేదండీ, వచ్చినవాళ్ళను వచ్చినట్టే తీసేశానన్నాడు.

"పోన్లే బావూ, అదే నయం" అందావిడ. "మమ్మల్ని మూడ్రోజులు ఏటి ఒడ్డునే కూకోబెట్టీసినారు. పడవ కాడ తుపాకీ ఓడు మమ్మల్నేటీ అన్నేదు, కొట్నేదు. ఎల్లొద్దన్నాడు, అంతే. ఇంత గంజన్నా లేదు. రెండోనాడు మాయమ్మ పోనాది."

నేను మాష్టారి మొహం చూశాను. ఆయన అప్పగారినే చూస్తున్నారు. కలరా అన్నావు కదే అప్పా అని అడిగారు. నువ్వు పసిగుడ్డువి, ఏం చెప్పమంటావు, తరవాత చెప్పి మాత్రం ఏం లాభం అందావిడ. టీ చల్లారిపోతుందని మమ్మల్ని తొందరపెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మాకు పాఠం చెప్పడానికని ఆయన కోసిన బిళ్ళలు అవి. అరవయ్యేళ్ళు దాటిన మనిషి, పిల్లవాడిలాగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు. అలాంటి మాష్టారిని నేను అంతకుముందు చూడలేదు, చూడకపోయినా బాగుండేది.

ఎవరూ టీ ముట్టలేదు. త్రినాథ్ లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. ఇంటికి పోతాడనుకున్నాను. పార్శిలు తెచ్చి బల్ల మీద పెట్టి, పురికొస ముడి పళ్ళతో లాగి విప్పాడు. ఎవరూ విప్పమనలేదు. సోమవారం ఆ ఆట బెంగుళూరు పోలేదు, మళ్ళీ ఆ అవకాశమూ రాలేదు. ఇవాళ్టికీ అతను ఆ డ్రాయింగు ఆఫీసులోనే ఉన్నాడు. తెలివితక్కువ పని చేశావని నేను తరవాత ఒకసారి అన్నాను. మళ్ళీ అనలేదు.

ఆ ఆదివారం అతను పార్శిలు లోపలినుంచి నియమాల పుస్తకం తీసి, పద్నాలుగో నియమాన్ని అడ్డంగా కొట్టేశాడు. తరవాత ఆ రెండు గడుల కాగితం ముందు పెట్టుకుని, శత్రువువైపు అన్న చోట తాను గుండ్రంగా రాసిన పదకొండును చాలాసేపు చూశాడు. దాన్ని కూడా కొట్టేశాడు. కొట్టేసి, ఆ పదకొండుని ఎక్కడ రాయాలో తెలియక, కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మాష్టారు అప్పటికి తేరుకున్నారు. సొరుగులోంచి స్కేలు తీసి అతని ముందుకు జరిపి, మూడో గడి గీయమన్నారు.

త్రినాథ్ గీశాడు. అతని చేతిలో ఆ ఒక్క గీతే వంకరపోయింది. "దీనికి ఏం పేరు రాయను మాష్టారూ?" అని అడిగాడు.

మాష్టారు సాసర్లోంచి తెల్ల బిళ్ళలన్నీ గుప్పిట్లోకి తీసుకుని, మళ్ళీ ఆ వంతెనకు ఇవతలి గడిలో పెట్టారు.

"నన్నడుగుతావేమిటోయ్. దాటనిచ్చి, వాళ్ళనడుగు."