పొలుసమ్మ లెక్కపెట్టిన పొరలు

అనగనగా పొద్దెక్కినా పొగమంచు వీడని ఒక అడవిలో ఒక మడుగు ఉండేది. మడుగు గట్టునే ఆ అడవి విద్యాపీఠం. అంటే ఏం లేదు పిల్లలూ, ఒక బొరియ. అందులో పరిశోధన చేసేది పొలుసమ్మ ఒక్కతే. ఒంటినిండా పొలుసులున్న అలుగు ఆమె. పేరుకు అలుగే గానీ ఎవరి మీదా అలిగేది కాదు.

పొలుసమ్మ గట్టును తవ్వి, మట్టి పొరలను నాలుకతో తాకేది. తాకగానే కళ్లు మూతలు పడేవి. ఎప్పటివో వానలు చెవిలో కురిసేవి. తెల్ల పొర తగిలితే మాత్రం నోరు ఎండిపోయేది. అది కరువు పొర. రెండు తెల్ల పొరల మధ్య ఎప్పుడూ నలభై పొరలు.

"ఏడాదికో పొర లెక్కన నలభై ఏళ్లకోసారి కరువు," అని ఆమె తేల్చింది. కిందటి కరువు వచ్చి ఇరవై ఏళ్లయిందని తాబేలు తాత చెప్పాడు. "అయితే ఇంకో ఇరవై ఏళ్లు భయం లేదు," అంది.

అడవిదున్నల పెద్ద మూపురయ్య సంబరపడ్డాడు. "అయితే గట్టు తెగ్గొడదాం. నీళ్లు కిందికి పారితే పల్లమంతా పచ్చిక. రేపే ముహూర్తం," అన్నాడు. అందరూ కలిసి పొలుసమ్మ మెడలో అడవిమల్లెల దండ వేశారు.

మర్నాడు పొద్దున్నే, మంచులో, పొలుసమ్మ ఊరికే పై పొరలు తడిమింది. ఆఖరి తెల్ల పొర నుంచి లెక్కపెట్టింది. నలభై వచ్చాయి. ఇరవయ్యే ఉండాలి కదా. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారీ అంతే. అప్పుడు చూసింది. ఒక పొర ఎరుపు, ఒకటి బూడిద రంగు, మళ్లీ ఎరుపు. ఎర్రది తొలకరి వరద తెచ్చినది. బూడిదది కార్తీకంలో తుఫాను తెచ్చినది. ఏడాదికి ఒక పొర కాదు, రెండు. నలభై పొరలంటే ఇరవై ఏళ్లే. కరువు వచ్చే ఏడే.

పొలుసమ్మ సిగ్గుతో బంతిలా చుట్టుకుపోయింది. స్నేహితురాలు కొండముచ్చు సంగతి విని, "గమ్మునుండక్కా. తప్పయిందన్నావంటే ఇక నీ మాట ఎవరూ వినరు," అంది.

ఆ మాటా నిజమే. పొలుసమ్మ చాలాసేపు అలాగే పడుకుంది. మూసిన కళ్లలో ఎండిన మడుగు కనిపించింది. దాని చుట్టూ దూడలు బురద నాకుతున్నాయి. ఇక ఉండలేకపోయింది.

మూపురయ్య గట్టుకు కొమ్ము ఆనించేసరికి ఎదురుగా వెళ్లి నిలబడింది. "ఆగు బాబాయ్. నేను తప్పు లెక్కపెట్టాను. కరువు వచ్చే ఏడే."

"నిన్న ఒకటి, ఇవాళ ఒకటా?" అని మూపురయ్య కసురుకున్నాడు. అందరూ నవ్వారు. ఎవరో దండ కూడా లాగేసుకున్నారు.

"నా మాట వద్దు. మీరే వచ్చి చూడండి," అంది పొలుసమ్మ.

తాబేలు తాత పొరలన్నీ నిదానంగా తడిమాడు. "ఈ ఎర్రది నా పెళ్లి ఏటి వరద. పైన బూడిదది ఆ ఏటి తుఫానే. అమ్మాయి చెప్పేది నిజం," అన్నాడు. మూపురయ్య గొణుక్కుంటూ వెనక్కి తగ్గాడు.

మరుసటేడు వాగులు ఎండాయి. పల్లం నెర్రెలిచ్చింది. మడుగులో మాత్రం మోకాలి లోతు నీళ్లు మిగిలాయి. మూపురయ్య దూడలను వెంటబెట్టుకొచ్చి, అవి కడుపునిండా తాగేదాకా నిలబడ్డాడు. తర్వాత బొరియలోకి తొంగిచూశాడు.

"పంతులమ్మా, ఇంకెక్కడైనా తప్పు లెక్కపెట్టావేమో చూసుకో."

"అదే చూస్తున్నాను బాబాయ్," అంది పొలుసమ్మ.

నీతి: తన తప్పు తానే బయటపెట్టేవాళ్ల మాటనే నలుగురూ నమ్మవచ్చు.