సీసాలో పెంచిన పురుగు

కోపాన్ని పుట్టిన క్షణానే నలిపేస్తున్నా మళ్లీ ఎందుకు పుడుతోందని కోదండపాణి తన గురువు నిగమయ్యగారిని ముచ్చటగా మూడోసారి అడిగాడు. అడిగినదానికి తిన్నగా బదులిచ్చే అలవాటు ఆయనకు ఏ కోశానా లేదు. పుట్టగొడుగులను తింటున్న పురుగేమిటో తేలిందా అని ఎదురడిగారు.

తేలకపోవడమే కోదండపాణి ప్రాణం మీదికి వచ్చింది. ఆశ్రమంలో పుట్టగొడుగుల పాక అతని పూచీ. రెండేళ్లుగా వరిగడ్డి ఉడకబెట్టి, సంచుల్లో కూరి, విత్తనం చల్లి, పసిబిడ్డల్లా సాకుతున్నాడు. ఇప్పుడు ఏ గొడుగు విప్పినా లోపల తొలిచిన దారులు, సన్నటి పట్టుపోగులు. అదంతా ఈగల పనేనని తీర్మానించి, కిటికీలకు వల కొట్టి, కనబడ్డ పురుగునల్లా వేళ్ల మధ్య నలిపాడు. పురుగు తగ్గలేదు. పైనెల పున్నమిలోగా అదేదో తేలకపోతే సంచులన్నీ తగలబెట్టాల్సిందేనని గురువుగారు చెప్పేశారు.

"ఒకదాన్ని సీసాలో పెట్టి మేపు. అదేమిటో అదే చెబుతుంది" అన్నారాయన.

దొంగను కూర్చోబెట్టి మేపడమేమిటని కోదండపాణికి ఒళ్లు మండింది. మొదటి పురుగును రెండో రోజే నలిపేశాడు. రెండోది తాజా గొడుగును సగం మింగేసరికి దాన్నీ నలిపాడు. మూడోదాన్ని పళ్లు బిగించి బతకనిచ్చాడు. దానికి గోధుమరంగు తల, పొట్ట కింద బుల్లి కాళ్లు ఉన్నాయి. ఈగ పురుగుకు కాళ్లెక్కడివని అప్పుడు అనుమానం తగిలింది. అది గూడు అల్లుకుని ముడుచుకుంది. పున్నమి రెండు రోజులుందనగా, సంజెవేళ, గూట్లోంచి బూడిదరంగు రెక్కల చిమ్మటై బయటికొచ్చి సీసాకు ఒకవైపే కొట్టుకోసాగింది. సీసా తిప్పినా మళ్లీ అటే పోయింది.

అటు చూస్తే దీపం. పంట చల్లగా ఉండాలని రెండేళ్లుగా రోజూ అసురసంజెకు తలుపులు బార్లా తీసి, పాకలో తన చేత్తో వెలిగిస్తున్న దీపం. దాని చుట్టూ అవే బూడిదరంగు రెక్కలు. వెలుగుకు వచ్చి గొడుగుల మీద గుడ్లు పెడుతున్నవి ఇవే.

సీసాతో విసవిసా వెళ్లి, ఈ దీపం సంగతి మీకు ముందే తెలుసా అని అడిగాడు. తెలుసన్నారు నిగమయ్యగారు. ఆ రోజే చెబితే నెల రోజులుగా ఈ పీడకు చాకిరీ చేసే ఖర్మ తప్పేది కదా అని అతను గొంతు పెంచాడు.

"చెబితే దీపాన్ని తన్నేవాడివి" అంటూ ఆయన లేచారు. దీపాన్ని పాకకు దూరంగా పెట్టి, తలుపు మూసి, సంచులు తగలబెట్టక్కర్లేదన్నారు. సీసాలోదాన్ని బయట వదిలేసి, సీసా కడిగి తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టారు.

"నలిపినా మళ్లీ ఎందుకు పుడుతోందని ఆ రోజు నువ్వడిగిన పురుగును ఇందులో వెయ్యి. ఈసారి నలపకు."