ఒడ్డున మిగిలినవాళ్ల పని

ముత్యాలరేవును ఏలే విజయకేతు మహారాజుకు ఆ రోజు తన ఓడల అధికారి భుజంగరాయుణ్ణి పొగడాలని బుద్ధి పుట్టింది.

"రత్నదీవి రాజు తనకు నచ్చనివాణ్ణి తిప్పి పంపేస్తాడు, తెచ్చిన ఓడను కట్టేసుకుంటాడు. మన రాయుడి ఓడ ఒక్కసారైనా చిక్కిందా? అనుమానమొస్తే ఎవరినైనా ఒడ్డునే ఆపమని నేనే అధికారమిచ్చాను. నా మాట దాటకుండా, అతను వద్దన్న మనిషిని అతని చేతే ఎక్కించండి చూద్దాం. ఈ ముత్యాల హారం ఇచ్చేస్తాను!"

భుజంగరాయుడు మీసం దువ్వాడు. ఆ అధికారం చేతికొచ్చాక, అద్దంలో కనబడేది తప్ప ఏ ముఖం మీదైనా అతనికి అనుమానమే. దీవి రాజు పంపిన అనుమతి ముద్ర చూపించినా, "నువ్వు ఆ రాజుకు నచ్చవులే, పో" అనేసేవాడు.

కొలువులో చెంచయ్య అనే హాస్యగాడు ఉన్నాడు. రాజు నవ్వడం మరిచిపోతే గుర్తుచేయడం అతని ఉద్యోగం. ఆ ఉదయమే మంత్రసాని ఆదెమ్మ అతని దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దీవిలో నా కూతురికి నెలలు నిండాయి బాబూ. తొలికాన్పుకే చచ్చి బతికింది. ముద్ర ఉన్నా ఆ ఓడల మారాజు ఎక్కనీయనన్నాడు. ఈ ఓడ తప్పితే వానలు వెళ్లేదాకా ఇంకోటి లేదు."

అందుకే చెంచయ్య లేచాడు.

"ప్రభూ, ఆ హారం కాస్త తుడిపించి ఉంచండి."

మర్నాడు రాజుగారే రేవుకు వచ్చాడు. ఆచారం ప్రకారం భుజంగరాయుడు కొబ్బరికాయ కొట్టి, "ఒడ్డున మిగిలినవాళ్ల పని నా పని. నా చేతులతో చేసి వస్తాను" అని గంగమ్మ మీద ప్రమాణం చేశాడు. ప్రతి ప్రయాణానికీ చేసేదే. ఎవరో ఊరగాయ జాడీ ఇస్తారు, ఎవరో చీర ఇస్తారు, దీవిలో చుట్టాలకు అందిస్తాడు. అంతకు మించి ఆ మాటను ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు.

చెంచయ్య ఓ మూట పట్టుకుని ముందుకొచ్చాడు.

"రాయుడుగారూ, ఆదెమ్మను ఆపడం మీ హక్కు. ఆమె పని మాత్రం అందుకోండి. ఇందులో ఆముదం, పాత గుడ్డలు, బొడ్డు కోసే కత్తి ఉన్నాయి. వాళ్లమ్మాయికి పురుడు పోసి రండి."

రేవంతా గొల్లుమంది.

"అక్కడే ఎవరో ఒక మంత్రసానిని పిలుస్తాలే!"

"'నా చేతులతో' అన్నారు కదండీ. గంగమ్మ వినే ఉంటుంది."

రాజు తలూపాడు. "ప్రమాణం ప్రమాణమే రాయుడూ."

భుజంగరాయుడికి పంతం వచ్చింది. "సరే, పోస్తాను!" అని మూట లాక్కున్నాడు. "అమ్మో, నా కూతురు!" అని ఆదెమ్మ గుండెలు బాదుకుంది.

చెంచయ్య ఓ కుర్రవాణ్ణి ముందుకు తోశాడు.

"ఇతను పోలినాయుడు. దీవిలో పిల్ల కుదిరింది. ముద్ర ఉంది, కానీ ఇతన్నీ మీరు ఆపేశారు. కానివ్వండి." అంటూ పసుపుతాడు తీసి రాయుడి చేతిలో పెట్టాడు.

"ముహూర్తం దాటకుండా ఆ మూడు ముళ్లూ మీరే వేసి రండి!"

మొగుడికి హారతి ఇద్దామని వచ్చిన సుభద్రమ్మ, పళ్లెం కింద పెట్టి కొంగు నడుముకు బిగించింది.

"ఏమండీ?" అంది.

భుజంగరాయుడి మీసం వాలిపోయింది. "నాయనా, నీ తాడు నువ్వే పుచ్చుకో! ఎక్కు! ముద్ర ఉందిగా, అది చాలు!"

"ముద్రే చాలితే ఆదెమ్మకూ ఉందండీ."

"ఎక్కు తల్లీ, ఈ మూట కూడా నీదే!"

ఇంతలో ఓ వస్తాదు తొడ చరుచుకుంటూ వచ్చాడు. "నన్నూ ఆపారు కదండీ. దీవిలో నాకు కుస్తీ..."

"చెప్పకు! ఎక్కు!"

రాజు కిరీటం జారిపోయేలా నవ్వి, హారం తీసి చెంచయ్య మెడలో వేశాడు. ఓడ కదిలింది. ఆదెమ్మ కళ్లు తుడుచుకుంటూ పైనుంచి కేకేసింది.

"బాబూ! మగపిల్లాడు పుడితే నీ పేరే పెడతాను!"

"వద్దమ్మా, రాయుడుగారి పేరు పెట్టు! ఇంకాస్తయితే పురుడు ఆయనే పోసేవాడు!"